గుడి బయట రాతిని చదివిన రోజు

మంగళగిరిలో మగ్గాల వీధిలో ఉండే మా వియ్యంకుడి దృష్టిలో నేను మహా పండితుణ్ణి. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఈ వయసులో నానా పాట్లూ పడుతుంటాను.

మొన్న టీవీలో అసెంబ్లీ గొడవ చూస్తూ, "దీన్ని శాసనసభ అని ఎందుకంటారు బావగారూ?" అని అడిగారు. నేను గొంతు సవరించుకున్నాను. శాసనమంటే ఆజ్ఞ అని, రాజులు దాన్ని రాళ్ల మీద, రాగిరేకుల మీద చెక్కించేవారని, ఇప్పుడు మనం ఎన్నుకున్నవాళ్లు ఒకచోట కూర్చుని అలాంటి శాసనాలే, అంటే చట్టాలు, చేస్తారు కాబట్టి శాసనసభ అయిందని చెప్పాను. ఇంతవరకూ నిజమే. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఆయన్ను గుడి బయటి పాత రాతి శాసనం దగ్గరికి తీసుకెళ్లి, వేలు పెట్టి గడగడా చదివేశాను: "ఈ ఊరి మగ్గాలకు పన్ను లేదు."

ఆయన చెప్పులు విడిచి రాతికి దణ్ణం పెట్టారు. "ఉండండి, మా వీధి వాళ్లందర్నీ పిలుచుకొస్తా. మీరు మళ్లీ చదవాలి!"

గబగబా ఆయన చెయ్యి పట్టుకున్నాను. "ఆగండి బావగారూ. ఆ లిపిలో నాకు ఒక్క అక్షరమూ రాదు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి చెప్పులు వేసుకున్నారు. "చదవకుండానే చట్టం చేసేశారా! మీరు ఆ సభలో కూర్చోవాల్సినవారండీ."

అప్పట్నుంచి వాళ్లింట్లో పండితుడి పేరు పోయి, ఎమ్మెల్యేగారినయ్యాను. కాఫీ మాత్రం ఇదివరకటిలాగే ఇస్తున్నారు.