నబ్చి చేతి గిన్నె

నబ్చి గొంతెత్తితే మేస్తున్న గుర్రాలు కూడా తలెత్తి వింటాయని గడ్డిభూముల్లోని షిలిన్‌హోట్ పట్నం చుట్టుపక్కల ఒక మాట ఉంది. ఉత్త మాట. గడ్డి దొరికిన గుర్రానికి పాటతో పనేమిటి? తలెత్తేది మనుషులు. వాళ్లకి ఆ గొంతు వల్ల ఒరిగింది కూడా ఏమీ లేదు.

పట్నానికి గంట దూరంలో, తారురోడ్డు పక్కన, ఎర్దెంతు అనే ఆసామి నడిపే యాత్రికుల విడిది ఉంది. నలభై తెల్ల గుడారాలు, బస్సులు ఆగడానికి చదును చేసిన నేల, ఫొటోల కోసం కట్టేసిన రెండు ఒంటెలు. నబ్చి అక్కడ తొమ్మిది వేసవులుగా అతిథులకి గిన్నె అందిస్తోంది. బస్సు ఆగగానే ఎదురెళ్తుంది. రెండు చేతుల మీద నీలి పట్టు కండువా, దాని మీద వెండి గిన్నె, గిన్నె నిండా జొన్నసారా. గిన్నె అతిథి చేతిలో పెట్టి పాట ఎత్తుకుంటుంది. పాట అయ్యేదాకా అతిథి గిన్నె దించకూడదు. అతిథి తాగేదాకా పాట అవకూడదు. అలా మూడు గిన్నెలు.

తాగలేనివాడికి మా పెద్దలు ఒక దారి పెట్టిపోయారు. ఉంగరం వేలు గిన్నెలో ముంచి ఆకాశానికోసారి, నేలకోసారి చిలకరించి, నుదుటికి అద్దుకుని, పెదవికి ఆనించి తిరిగిచ్చేస్తే చాలు. ఇచ్చిన మనిషి రెండు చేతులా వెనక్కి తీసుకోవాలి. అక్కడితో మర్యాద తీరిపోయింది, ఎవరి పరువూ పోలేదు. బస్సుల్లో వచ్చేవాళ్లకి ఈ వేలి సంగతి తెలియదు. నబ్చి చెప్పేదీ కాదు.

ఒకసారి ఎవరో బక్కపలచటి బడి మాస్టారు, "అమ్మా, నాకు గుండెజబ్బు, డాక్టరు వద్దన్నాడు" అని బతిమాలుకున్నాడు. ఆమె నవ్వు చెదరకుండా అయిదు చరణాలు పాడింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడుతుంటే మాస్టారు ఏం చేస్తాడు, తాగాడు. అరగంటకి మత్తులో ఒరిగిపోయిన ఆయన్ని నలుగురు బస్సు దాకా మోసుకుపోయారు. ఆ సాయంత్రం వంటగుడారంలో ఉప్పు టీ తాగుతూ ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నబ్చి. పాపమనిపించలేదా అంటే, అనిపించలేదు. గడ్డి చూడ్డానికొచ్చి గడ్డి మీద ఉమ్మేసిపోయేవాళ్ల మీద జాలేమిటని ఆమె లెక్క.

ఆ లెక్కకి ఒక మూలం ఉంది. ఎర్దెంతు గుడారాలు లేచిన నేల నబ్చి పుట్టిన నేల. తండ్రి పోయాక తమ్ముడు బుర్గుద్ పేరు మీదికి వచ్చింది. బుర్గుద్ తాగుబోతు. పదేళ్ల కిందట మూడు రోజులు వరసగా తాగిన మత్తులో ఆ నేలని ఎర్దెంతుకి పదేళ్ల కౌలుకి రాసిచ్చి వేలిముద్ర వేశాడు. సంతకం రానివాడేం కాదు, ఆ రోజు కలం చేతిలో నిలవలేదు.

తల్లిని తీసుకొచ్చి పట్నంలో నాలుగో అంతస్తు గదిలో పెట్టారు. నబ్చి హోటల్లో గిన్నెలు కడిగి పోషించింది. ఆవిడ రెండో చలికాలం దాటలేదు. "పొగ వాసన రావట్లేదేమే, పొయ్యిలో పిడకలు అయిపోయాయా?" అని అడుగుతూనే పోయింది. అప్పుడు కూడా బుర్గుద్ ఎక్కడో తాగి పడున్నాడు. కొన్నాళ్లకి నబ్చి పాట ఎర్దెంతు చెవిన పడి, విడిదిలో పని ఇచ్చాడు. సొంత నేల మీద కూలికి పాడటమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్లకి, "మీరు పెడతారా నాకు తిండి?" అని ఒక్కటే మాట.

కౌలు కాగితంలో ఒక మెలిక ఉంది. గడువు తీరేలోగా ఇద్దరూ కలిసి రద్దు సంతకం పెట్టకపోతే మరో పదేళ్లు దానంతటదే సాగుతుంది. రెండేళ్ల కిందట, గుర్రప్పందేలూ కుస్తీలూ జరిగే నాదం పండగలో, కుస్తీ బరి పక్కన, పెద్దలందరి ఎదుటా ఎర్దెంతు గొప్పకి పోయాడు.

"బుర్గుద్ తాగని మనిషిగా నా గుమ్మంలోకి వచ్చి అడగనీ, ఆ రోజే సంతకం పెట్టేస్తా. అది జరిగేదాకా బతికుంటానో లేదో మరి."

అందరూ నవ్వారు. బుర్గుద్ నవ్వలేదు. మర్నాడే సరిహద్దు వైపు వెళ్లిపోయి ఎవరి గొర్రెలకో కాపరిగా కుదిరాడు. మానడమంటే మాటలా? మొదటి నెల చేతులు వణికి పాలచెంబు పట్టుకోలేకపోయాడట. తన కాళ్లు గుంజకి కట్టెయ్యమని యజమాని భార్యని అడిగాడట. మొత్తానికి మానేశాడు. జీతం కింద గొర్రెలే తీసుకుని నలభై పోగుచేశాడు.

గడువు ఇంకా మూడు రోజులుందనగా మోటారుసైకిలు మీద వచ్చాడు. ఉతికిన అంగీ, గీసిన గడ్డం. మొదట వంటగుడారం వెనక ఉన్న అక్క దగ్గరికి వెళ్లాడు.

"రెండేళ్లయిందక్కా," అన్నాడు.

నబ్చి దగ్గరికొచ్చి నోరు వాసన చూసింది. "రావట్లేదులే," అంది.

"నీకూ ఒక గుడారం వేస్తా. ఈ ప్లాస్టిక్ పగడాల టోపీ పెట్టుకుని ఎవడికో గిన్నెలు మొయ్యక్కర్లేదు."

"అమ్మకి కూడా వేస్తావా?"

బుర్గుద్ తల దించుకున్నాడు. ఆ మాట అన్నందుకు ఆమెకి కొంచెం సుఖంగా అనిపించింది. తొమ్మిదేళ్లు దాచుకున్న మాట మరి.

ఎర్దెంతు బయటికొచ్చి బుర్గుద్‌ని ఎగాదిగా చూశాడు. వచ్చినందుకు ఆశ్చర్యపోయినట్టు కనపడలేదు. "దొడ్డిదారిన వచ్చినవాడితో నేల సంగతి మాట్లాడతానా తమ్ముడూ? అతిథిలా ముందు నుంచి రా. మీ అక్క చేతి గిన్నె అందుకో. ఆ తర్వాత సంతకం."

"నేను తాగనన్నా."

"తాగమని ఎవరన్నారు? నీకు వేలు లేదా?"

బుర్గుద్ తేలికపడి ముందువైపు వెళ్లాడు. అతను అటు వెళ్లగానే ఎర్దెంతు గొంతు తగ్గించి నబ్చితో చెప్పాడు. "రెండు బస్సుల జనం చూస్తున్నారు. నా గుమ్మంలో గిన్నె తిరిగొస్తే నా మొహాన కొట్టినట్టే. నన్ను కొట్టినవాడికి నేను సంతకం పెట్టను. అయినా అతిథి గిన్నె తాగుడు కిందికి రాదు. నీకు నేను చెప్పాలా?"

నిజమే, అది మా అందరి నోటా ఉన్న మాటే. అతిథి గిన్నె తాగుడు కాదు. నిష్ఠగా ఉండే ముసలమ్మలు కూడా అలాగే చెప్పుకుని పుచ్చుకుంటారు. నబ్చి ఆ మాట నమ్మింది. నమ్మాలని కూడా ఉంది.

బుర్గుద్ బస్సుల జనం మధ్య నుంచి నడిచొచ్చాడు. నబ్చి గిన్నె అందించి పాట ఎత్తుకుంది. అతను ఉంగరం వేలు ముంచి ఆకాశానికి చిలకరించాడు, నేలకి చిలకరించాడు, నుదుటికి అద్దుకున్నాడు. గిన్నెని పెదవికి ఆనించి, పెదవులు గట్టిగా మూసుకుని, రెండు చేతులా అక్క ముందుకి చాపాడు.

తీసుకుంటే అయిపోయేది. చేతులు ముందుకి పెడితే చాలు. నబ్చి చేతులు ముందుకి రాలేదు. నేల పోతుందేమోనన్న భయం సగం. మిగతా సగం, ఎందుకు దాచాలి, కడుపుమంట. తాగే పోగొట్టావు, తాగే తెచ్చుకో అనుకుంది. రెండో చరణం ఎత్తుకుంది.

"తీసుకోక్కా," అన్నాడు బుర్గుద్ మెల్లిగా.

ఆమె అతని కళ్లలోకి చూడకుండా అతని టోపీ వైపు చూస్తూ పాడింది. మూడో చరణానికి గిన్నె అతని చేతుల్లో ఒరిగి సారా వేళ్ల మీదికి ఒలికింది. ఆ వాసన అతని మొహం దాకా వచ్చింది. జనం లయకి చప్పట్లు కొడుతున్నారు. నాలుగో చరణం సగంలో బుర్గుద్ గిన్నె ఎత్తి తాగేశాడు.

రెండో గిన్నెకి వేలు ముంచలేదు. మూడో గిన్నెకి పాట మొదలయ్యేదాకా ఆగలేదు. నబ్చి పాట ముగించి కండువా అతని మెడలో వేసింది. ఇక సంతకమే అనుకుని ఊపిరి పీల్చుకుంది. ఇంతలో అతను పళ్లెంలో వేరే అతిథి కోసం పోసి పెట్టిన గిన్నె తీసుకుని గటగటా తాగాడు.

"అన్నా, కాగితం," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

ఎర్దెంతు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "తాగని మనిషిగా రమ్మన్నాను తమ్ముడూ. పెద్దలందరూ విన్నారు. రేపు శుభ్రంగా రా."

"అతిథి గిన్నె తాగుడు కాదని నువ్వే అన్నావు కదన్నా," అంది నబ్చి.

"ఆ మూడు గిన్నెలూ తాగుడు కాదు. నాలుగోది ఎవరిచ్చారు? వాడే తీసుకున్నాడు." తర్వాత నవ్వుతూ అన్నాడు, "నువ్వంత తియ్యగా పాడితే వాడు మాత్రం ఏం చేస్తాడులే."

మర్నాడు బుర్గుద్ వాసన కొడుతూ వచ్చాడు. మూడో రోజు పొద్దున్న నబ్చి వెతికితే రోడ్డు పక్క కాలవలో దొరికాడు. మొహాన నీళ్లు కొట్టింది, చెంపలు వాయించింది, "ఈ ఒక్క రోజు నిలబడరా నాయనా" అని కాళ్లు పట్టుకుంది. అతనికి తెలివి వచ్చేసరికి పొద్దు వాలింది. గడువు తీరిపోయింది. ఆ నెలలోనే నలభై గొర్రెలూ పోయాయి. ఎవరి చేతికి పోయాయో అతనికే గుర్తులేదు.

ఎర్దెంతు అతన్ని తరమలేదు. పాత అంగీ ఒకటి ఇచ్చి, బస్సు దిగినవాళ్ల ముందు వరసలో నిలబెట్టాడు. గడ్డిభూముల మనిషి గిన్నె ఎలా ఖాళీ చేస్తాడో ముందు అతను తాగి చూపించాలి. ఆ తర్వాత కాదనడానికి అతిథులకి మొహం చెల్లదు. రోజుకి నాలుగు బస్సులు వస్తాయి. జనం అతని పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటారు. నేల గురించి అతను మళ్లీ అడగలేదు.

మొదటి మంచు పడ్డ రోజున ఆఖరి బస్సు వచ్చింది. నబ్చి గిన్నె తమ్ముడి చేతిలో పెట్టింది గానీ పాట ఎత్తుకోలేదు. అతను వేలు ముంచకముందే రెండు చేతులూ ముందుకి చాపి నిలబడింది. "ఇచ్చెయ్ రా," అంది.

బుర్గుద్ గిన్నెని రొమ్ముకి హత్తుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పాడక్కా," అన్నాడు. "అందరూ చూస్తున్నారు."

నబ్చి పాడింది.