పేరు లేని బాణం

లాతూరులో ఫిజిక్స్ చెప్పేవాళ్లు వీధికి పదిమంది. అందులో భింగోలే సారు గొంతు వేరు. మా కోచింగ్‌లో నేను కెమిస్ట్రీ చెప్తాను. ఇరవై ఏళ్లుగా గోడ అవతల నుంచి ఆయన అరుపులు వింటూనే ఉన్నాను.

"బొమ్మలో ఈ బలం బాణం ఎవరిదిరా? నెట్టేదెవరు? పేరు లేని బాణం నా బోర్డు మీదికి రాకూడదు! మలుపు తిరిగే కారు పైకి ఎగరట్లేదు, కిందికి దిగట్లేదు. అంటే నిలువునా బలాలు సరిసమానం. అడ్డంగా మిగిలిందే దాన్ని తిప్పుతుంది!"

ఆ జూన్‌లో ఉచిత బ్యాచ్‌కి పరీక్ష పెట్టారు. నలభై సీట్లు. భాకరీలు, అదే జొన్నరొట్టెలు, కాల్చి మెస్‌కి వేసే గోదాబాయి కూతురు సారిక నలభై ఒకటో స్థానంలో ఆగిపోయింది. సీటు రాకపోతే సైన్సు మానేసి తల్లితో పిండి పిసకడమే. ఆ పిల్ల పేపరు పట్టుకుని స్టాఫ్ రూములో నా పక్కనున్న భింగోలే సారు దగ్గరికి వచ్చింది.

"సర్, పద్దెనిమిదో లెక్క. ఏటవాలు మలుపులో రోడ్డు కారుని ఎంత బలంతో నెడుతుందని..."

"జవాబుల కీ గోడకి అంటించాను కదా, కళ్లు కనపడవా? బరువుని వాలుకి లంబంగా విడగొట్టి సరిపెట్టాలి."

"అది వాలు మీద జారే పెట్టెకి కదా సర్. తిరిగే కారుకి నిలువునా సరిపెట్టమని ఎండాకాలం క్లాసుల్లో మీరే చెప్పారు."

సారు పేపరు లాక్కుని చూశాడు. ముప్పై ఏళ్లు ఏ తప్పుకి పిల్లల్ని తిట్టిపోశాడో, అదే తప్పు తానే తొందరలో రాసేశాడు!

నేను సారు చెవిలో గొణిగాను. "ఊరుకో సారూ. నీకు వయసైపోయిందని పక్కన పెట్టడానికి డైరెక్టర్ అసలే సాకు వెతుకుతున్నాడు. ఎవరికి తెలుస్తుంది?" ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఈ పిల్లకి తెలుసు. నీకు తెలుసు, నాకూ తెలుసు. ఇంకెవరికి తెలియాలి సోనవణే?"

లేచి వెళ్లి కీ మీద ఎర్ర పెన్నుతో రాశాడు: "పద్దెనిమిదో జవాబు తప్పు. తప్పు చేసినది దిగంబర్ భింగోలే."

పేపర్లు మళ్లీ దిద్దారు. సారికకి ముప్పై నాలుగో స్థానం వచ్చింది. డైరెక్టర్‌కి సాకు దొరికింది. సారుని క్లాసుల నుంచి తీసేసి, మెట్ల కింద పిల్లల సందేహాలు తీర్చే గదిలో కూర్చోబెట్టాడు.

ఇప్పుడు ఆ గదిలోంచి అరుపులు రావు. కీ రాయడం మాత్రం ఆయన మానలేదు. రాయగానే సారికని పిలుస్తాడు.

"చూడు బేటీ, అన్ని బాణాలకీ పేర్లున్నాయా?"

ఆ పిల్ల మొత్తం చూసి తల ఊపాకే కాగితం గోడకెక్కుతుంది.