రేడియో తీగకు కట్టిన వేపమండలు

ఎనభైల మొదట్లో మా అత్తమ్మను పాలమూరు పల్లె నుంచి కామాఠీపురాకు తెచ్చుకున్నాం. నెల తిరగకముందే ఆమె మూట కట్టుకుంది. మా చాల్‌లో వరుసగా గదులు, వాటన్నిటి ముందూ ఒకటే పొడవాటి గ్యాలరీ. ఉండేదంతా తెలుగువాళ్ళమే. కానీ ఇక్కడే పుట్టిన మా తెలుగులో సగం మరాఠీ, మిగతాది హిందీ. అత్తమ్మకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. గ్యాలరీలోకి రావడమే మానేసింది. ఆదివారం బస్సెక్కించమని కొడుకుతో చెప్పేసింది. నాకు ఏడుపొచ్చింది. తల్లి లేకుండా పెరిగినదాన్ని, వేడన్నం పెట్టి పక్కన కూర్చునే మనిషిని అంత తేలిగ్గా వదులుకుంటానా?

చీకటి పడ్డాక రేడియోలో హైదరాబాద్ స్టేషన్ అందుతుందని, అత్తమ్మకు అర్థమయ్యే తెలుగు వినబడుతుందని ఎవరో అన్నారు. మా పెట్టెలో గరగర తప్ప ఏమీ రాలేదు. పొడవాటి ఏరియల్ కావాలన్నారు. మా ఆయన నవ్వి, ఇక్కడ కూర్చుని హైదరాబాద్‌ను ఎలా పట్టుకుంటావని అడిగాడు. ఆ నవ్వుకే నాకు పంతం పట్టుకుంది. పక్కనే ఉన్న నాగ్‌పాడాలో మోటార్లు బాగుచేసే దుకాణానికి వెళ్ళి రాగితీగ కొన్నాను. గ్యాలరీ ఈ చివరి నుంచి ఆ చివరికి లాగాను. గుంజలకు తీగ తగలకూడదన్నారు కాబట్టి మధ్యలో నా పాత గాజులు వేసి కట్టాను. ఆ సాయంత్రం తెలుగు వార్తలు వినబడ్డాయి. అత్తమ్మ చేతిలో చాయ్ అలాగే చల్లారిపోయింది.

మర్నాడు మళ్ళీ గరగరే. బయటికొచ్చి చూస్తే నా ఏరియల్ నిండా తడి చీరలు. తీసి పక్కన పడేశాను. తెల్లారేసరికి పక్కగదుల ఆడవాళ్ళు మళ్ళీ వేశారు. గొంతు చించుకుని పోట్లాడాను. గ్యాలరీ అందరిదీ అన్నారు. అదీ నిజమే, అందుకే ఇంకా మండింది.

శనివారం పనినుంచి వచ్చేసరికి తీగ మీద ఒక్క గుడ్డ లేదు. పొడవునా వేపమండలు వేలాడుతున్నాయి. అత్తమ్మ ఒక్కతే మెట్లు దిగి, వీధి చివరి వేపచెట్టు దాకా వెళ్ళి తెచ్చి కట్టిందట. వేపమండ కట్టిన చోట తడిగుడ్డ ఆరేయడానికి మావాళ్ళలో ఎవరికి చేతులొస్తాయి? ఏ అమ్మవారికి కట్టావని అడగడానికి ఒక్కొక్కరే వచ్చి, అక్కడే చతికిలబడ్డారు. నేను వచ్చేటప్పటికి ఆమె మధ్యలో పీట మీద కూర్చుని వాళ్ళకు ఊళ్ళో జాతర గురించి చెబుతోంది. అర్థంకాని మాటకు చేతులు తిప్పుతోంది. వాళ్ళు నవ్వుతున్నారు, ఆమె కూడా.

చీకటి పడగానే రేడియో పెట్టాను. హైదరాబాద్ స్పష్టంగా పలికింది. గెలిచానన్న సంబరంలో చాల్ మొత్తానికీ వినబడేలా పెంచాను. అత్తమ్మ విసుగ్గా వెనక్కి తిరిగింది.

"జర తగ్గియ్యి బిడ్డా. మా ముచ్చట ఇనబడ్తలేదు."

ఆదివారం ఆమె మూట నేనే విప్పాను. చీరలన్నీ ఉతికి, వేరే తాడు కట్టి ఆరేశాను.