పాటల్లేని యుద్ధం క్యాసెట్

ఇది ఒక మహా యుద్ధగాథ. ఫిరంగులు, వీరులు, రక్తపాతం, అన్నీ ఉన్నాయని మొదలుపెడదామనుకున్నాను. లేవు. ఉన్నది ఒక క్యాసెట్, మా సత్యవతత్త కోపం. దెయ్యాలంటారా, నేనెప్పుడూ నమ్మలేదు. మా రాజోలులో బతికున్నవాళ్ళతోనే వేగలేకపోతున్నాం.

అత్త మా నాన్న చెల్లెలు, మా ఇంట్లోనే ఉంటుంది. మామయ్య మిలట్రీలో ఉండి డెబ్భై ఒకటి యుద్ధంలో కనిపించకుండా పోయాడు. శవం రాలేదు. పన్నెండేళ్ళు కబురు లేకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యడం మావాళ్ళ ఆచారం. గడువు నిండగానే అత్త బావగారు, అంటే మామయ్య అన్న, రోజు పెట్టించుకుని వచ్చారు. ఇన్నేళ్ళలో ఒక్క కార్డు ముక్క రాయని మనిషికి ఈ పనిమీద మాత్రం ఎక్కడలేని శ్రద్ధ. శుక్రవారం కార్యం, అత్త బొట్టు తీసెయ్యాలి. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వారమే ఒక ఇంగ్లీషు యుద్ధం సినిమా సంగీతం మలికిపురంలో క్యాసెట్లోకి ఎక్కించుకున్నాను. పాటలుండవు, మాటలుండవు, అంతా వాయిద్యాలే. రికార్డింగు షాపు వీరబాబు "పాడిందెవరండీ?" అని మూడుసార్లు అడిగాడు.

మంగళవారం మధ్యాహ్నం మా టేప్‌రికార్డర్లో పెట్టాను. అత్త వసారాలో కొబ్బరి ఈనెలు తీస్తోంది. రెండోవైపు డ్రమ్ములు హోరెత్తి టక్కున ఆగాయి. పది లెక్కపెట్టేంత నిశ్శబ్దం. అందులో విసుగ్గా ఒక మగ గొంతు: "సత్యా, తువ్వాలు ఏదే?"

మళ్ళీ వయొలిన్లు.

అత్త కత్తి కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను.

"పన్నెండేళ్ళకి నోరు విప్పి తువ్వాలడుగుతాడా ఈ మనిషి? నూతి దగ్గర తీగమీదే ఉంటుందిగా. ఒక్కరోజన్నా చూసుకున్నాడా?"

నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో అదొక వింత.

మర్నాడు సైకిలేసుకుని వీరబాబు మీదికి వెళ్ళాను. "షాపులో మాటలు నా క్యాసెట్లో ఎక్కిస్తావా?"

"మైకే లేదండీ, వైరులోంచి ఎక్కించేను. ఆ రికార్డునిండా ఖాళీలండీ. టేపు దండగని, ఖాళీ వచ్చినప్పుడల్లా ఆపేసేను."

"ఆ ఖాళీలూ సంగీతమేనయ్యా."

"ఆయ్, పాడేవోడు లేడు కదండీ."

రికార్డు మళ్ళీ పెట్టించాను. డ్రమ్ముల తర్వాత నిశ్శబ్దం ఉంది, గొంతు లేదు. వాడు చెప్పినదాన్నిబట్టి నా క్యాసెట్లో ఆ నిశ్శబ్దమే ఉండకూడదు. పైగా అత్త పేరు వాడికి తెలీదు.

గురువారం బావగారు కార్యం సామాను చీటీతో వచ్చారు. క్యాసెట్లో గొంతు సంగతి చెప్పాను.

"తువ్వాలడిగిన మనిషిని ఎలా తగలెయ్యమంటారండీ?" అంది అత్త.

"మా తమ్ముడి గొంతు నాకు తెలీదా? ఏదీ, వినిపించండి. వాడిది కాకపోతే రేపే కార్యం."

మీట నొక్కాను. మోటారు తిరిగింది, క్యాసెట్ తిరగలేదు. లోపల బెల్టు తెగింది.

"విన్నాకే కార్యం. మీరన్నమాటే," అంది అత్త. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, కాఫీ తాగకుండా వెళ్ళిపోయారు.

ఆ గొంతు అందులోకి ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. చెప్పగలవాళ్ళూ దొరకలేదు.

ఆ సైజు రబ్బరు బెల్టు రాజోలులో లేదు, అమలాపురంలోనూ లేదు. కాకినాడ వెళ్ళాలి. నాకింకా కుదరలేదు.