పళ్లచక్రాలు మార్పించిన ఖాసింబక్క

పోయిన నెల బస్సులో పులివెందులకు పోతున్నాను. ముద్దనూరు దాటి, గుట్టల మీద ఎక్కుడు మొదలయ్యేచోట డ్రైవరు గేరు తగ్గించాడు. ఇంజను గొంతు ఒక్కసారిగా లేచి, మళ్లీ కుదుటపడింది. బస్సులో ఎవరూ తల తిప్పలేదు. నా కుడికాలు మాత్రం నా ప్రమేయం లేకుండానే కిందున్న రేకును గట్టిగా తొక్కిపట్టింది. స్టీరింగు వదిలి ఎన్నో ఏళ్లయినా ఆ ఎక్కుడు దగ్గర నాకు అంతే. ఖాసింబక్క పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల్లో నేను ప్రొద్దుటూరులో ఆమె దగ్గర లారీ డ్రైవరుగా చేరాను. అసలు పేరు ఖాసింబీ. నాకంటే పదేళ్లు పెద్ద. భర్త విషజ్వరంతో పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక లారీ మిగిలారు. బండిని అమ్మేయమని బంధువులంతా చెప్పారట. ఆమె అమ్మలేదు. జమ్మలమడుగు దగ్గర గనుల నుంచి బండలు తోలించేది, పులివెందుల నుంచి వచ్చేటప్పుడు వేరుశనగ మూటలు వేయించేది. నడిపేది నేనే అయినా, ఏ బాడుగ ఒప్పుకోవాలో, ఏది వద్దో ఆమే చెప్పేది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఎదుటివాడు చెప్పింది పూర్తిగా విని, కాసేపు ఊరుకుని, అప్పుడు ఒక్క మాట అనేది.

ఆ లారీ యుద్ధంలో మిలిటరీ వాళ్లు వాడి, తర్వాత వేలంలో అమ్మేసిన బండి. దాని పెట్రోలు ఇంజను తీసేయించి డీజిలు ఇంజను పెట్టించాడు ఆమె భర్త. అయినా డీజిలు విపరీతంగా తాగేది. మా ఊళ్లోని మిగతా లారీలు ఒక ట్యాంకుతో వెళ్లి వచ్చే దూరం పూర్తికాకముందే మాది మళ్లీ బంకు ముందు నిలబడేది. లెక్క చూసేవాడు ఆమె మరిది. ఒకరోజు నేను బయట టైర్లకు గాలి చూసుకుంటుంటే లోపల అతని గొంతు వినబడింది.

"వదినా, బండి ఇంత తాగదు. ఆ రమణ డీజిలు యాడనో అమ్ముకుంటాండాడు. ఇంకొకణ్ణి చూసుకో."

రమణ అంటే నేనే. దొంగ అని పేరు పడితే ప్రొద్దుటూరులో ఇంకెవరూ బండి ఇవ్వరు. అప్పటికి పెళ్లయి ఏడాది కూడా కాలేదు. లోపలికి పోయి ఒట్టు వేద్దామా, తాళంచెవి అక్కడే పెట్టి వెళ్లిపోదామా అని నిలబడిపోయాను. ఈలోగా ఖాసింబక్క గడప దాటి బయటికి వచ్చింది.

"రమణా, రేపు యాడికి పోతాండావు?"

"జమ్మలమడుగుకక్కా."

"నేనూ వస్తా. ట్యాంకు మూతిదాకా కొట్టించు."

ఆ రోజుల్లో ఒక ఆడమనిషి లారీ ముందు సీట్లో కూర్చుని గనుల దాకా రావడం ఎవరూ చూసి ఉండరు. ఆమె కొంగు తలమీదుగా లాక్కుని కూర్చుంది. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు చదును రోడ్డు మీద కూడా ఇంజను గొంతు చించుకుని అరుస్తుంటే దాన్నే వింటూ వచ్చింది. తిరిగి వచ్చి మళ్లీ ట్యాంకు నింపించి, ఎంత పట్టిందో దగ్గరుండి చూసింది. ఇంటికి పోగానే మరిదితో, "నేను కండ్లారా చూస్తి. బండే తాగుతాంది, రమణ గాదు" అంది.

అతను నమ్మలేదు. "ఒకరోజు నువ్వు పక్కనుంటే ఎవడు తీస్తాడు?" అన్నాడు. ఆమె నన్ను వెంటబెట్టుకుని ఓబులేసు మేస్త్రీ షెడ్డుకు నడిచింది. బండి చదును రోడ్డు మీద కూడా ఎందుకట్లా అరుస్తుందని అడిగింది.

మేస్త్రీ వెనక ఇరుసు మధ్యనున్న ఉండలాంటి డబ్బాను తట్టి చూపించాడు. "దీంట్లో రెండు పళ్లచక్రాలుంటాయమ్మా. ఇంజను ఎన్ని సుట్లు తిరిగితే టైరు ఒక సుట్టు తిరగాల్నో ఇవే జెప్పేది. ఇవి పాత పెట్రోలు ఇంజనుకు పెట్టినవి. అది గిరగిరా తిరిగే ఇంజను. ఈ డీజిలు ఇంజనుకు అంత తిరుగుడు పనికిరాదు. తిరిగినకొద్దీ తాగుతాది."

"మారిస్తే?"

"తక్కువ తిరుగుతాది, తక్కువ తాగుతాది. కానీ ఎక్కుడులో గుంజే బలం తగ్గుతాదమ్మా. పులివెందుల దావలో కష్టం."

ఆమె "మార్చు" అంది. మేస్త్రీ గుత్తి పోయి, పాత ఇనుప సామాన్ల అంగట్లో ఆ ఇరుసుకు సరిపోయే జత వెతికి తెచ్చి బిగించాడు.

జమ్మలమడుగు రోడ్డు మీద ఆ బండి నడిచిన తీరు నేను మరిచిపోలేను. అదే వేగంలో ఇంజను సగం గొంతుతో పాడుకుంటున్నట్టుంది. పక్కమనిషితో మామూలుగా మాట్లాడొచ్చు. నాకు మాత్రం పులివెందుల భయం పోలేదు. తీరా బండలు వేసుకుని బయలుదేరే రోజున ఆమె మళ్లీ వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"నువ్వెందుకక్కా? ఎక్కుడులో ఏమన్నా అయితే?"

"మార్చమన్యది నేను. అయితే నాకూ గావల్ల గదా" అంది.

అయ్యేదే అయింది. ఎక్కుడు సగానికి వచ్చేసరికి మొదటి గేరులో కూడా ఇంజను మూలిగి ఆగిపోయింది. బ్రేకు తొక్కిపట్టాను. అయినా బండి అంగుళం అంగుళం వెనక్కు జారుతోంది. ఎడమపక్క లోయ. బండల మీద కూర్చున్న కూలీలు కిందికి దూకేశారు. "అక్కా, దిగిపో!" అని అరిచాను. ఆమె దిగింది. కానీ పక్కకు పోలేదు. రోడ్డు వారనున్న గుండురాయిని రెండు చేతులతో దొర్లించుకుంటూ వచ్చి వెనక టైరు కింద తోసింది. బండి దానికి ఆనుకుని నిలిచింది.

పాత చక్రాలే మళ్లీ వేయిద్దామన్నాను. ఆమె చేతుల మట్టి దులుపుకుంటూ, "సదునులో బాగుండె గదా. ఈడ బరువు ఎక్కువాయ, అంతే. కొన్ని దించండి" అంది. కూలీలు మూడో వంతు బండలు దించి రోడ్డు పక్కన పేర్చారు. బండి మళ్లీ కదిలించాను. టైరు గుండును వదిలి మెల్లగా ముందుకు పాకింది. ఇంజను మూలిగింది గానీ ఆగలేదు. ఎక్కుడు పైకి చేరి, తొండూరు వైపు పొలాలు కనిపించాక, ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతవరకూ ఆమె నవ్వగా నేను చూడలేదు. దించిన బండల కోసం మళ్లీ వచ్చాం. ఆ తర్వాత పులివెందులకు ఎప్పుడూ తక్కువ బరువే ఒప్పుకుంది.

ప్రొద్దుటూరు చేరాక బంకులో మరిది కూడా నిలబడ్డాడు. బంకు మనిషి మా బండి అలవాటు కొద్దీ చూసుకోకుండా కొడుతూనే ఉన్నాడు. ట్యాంకు ఎప్పుడో నిండిపోయి డీజిలు అతని కాళ్ల మీద పొర్లింది. ఆ ఎక్కుడును రెండుసార్లు ఎక్కి వచ్చి కూడా మునుపటికంటే తక్కువే పట్టింది. మరిది ఆ తడిసిన నేలను చూస్తూ, "అట్లయితే రమణ తీయల్యా వదినా" అన్నాడు.

"ఆ మాట నాకెందుకప్పా. ఆయప్పకు జెప్పు."

అతను నా వైపు తిరిగి, "తప్పుగా అంటి, ఏమనుకోవద్దు" అన్నాడు. ఇంటికి పోయి మా ఆవిడతో చెబితే ఆమె నా పళ్లెంలో ఇంకో సంగటి ముద్ద వేసింది. ఎన్నాళ్లకో ఆకలి తెలిసి తిన్నాను.

ఖాసింబక్క చాలా ఏళ్లు ఆ బండి తోలించింది, పిల్లలను చదివించింది. ఆమె పోయేనాటికి నాకు సొంతంగా రెండు లారీలున్నాయి. నా దగ్గర బాషా అనే డ్రైవరు ఉండేవాడు. అతను డీజిలు తీస్తున్నాడని ఎవరో నా చెవిన వేశారు. నేను తెల్లారి పోయి బాషా పక్కన ఎక్కి కూర్చున్నాను. తాడిపత్రి దాకా అతను బిగుసుకుపోయి నడిపాడు. నేనెందుకు వచ్చానో అతనికి తెలుసు. అక్కడ బండి ఆపి కిందికి దూరి చూస్తే, డీజిలు గొట్టం అతుకు దగ్గర సన్నగా కారుతోంది. వేలితో తుడిచి అతనికి చూపించాను.

బాషా రోడ్డు వారన చతికిలబడి మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి లేచి, నీళ్ల సీసా మూత తీసి, తను తాగకుండా ముందు నాకు అందించాడు.