మెడలో ఒరిగిన చార్మినార్

తొంభైల చివర్లో నేను రోజంతా బంగారు నాణేలు చూస్తూ బతికాను. చేత్తో పట్టుకుని కాదు, కంప్యూటర్ తెర మీద. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనాలకు కొంచెం ఇవతల, కింద సిమెంటు దుకాణం, పైన మా ఆఫీసు. అమెరికాలో ఎవరెవరో అమ్మకానికి పెట్టే పాత నాణేల ఫోటోలు రాత్రికి రాత్రి మా కంప్యూటర్లలోకి వచ్చి పడేవి. అది ఏ దేశానిది, ఏ కాలంది, ఎంత అరిగింది, సుమారుగా ఎంత పలుకుతుంది అని నేను ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయాలి. ఎమ్మే చరిత్ర చదివానని ఈ ఉద్యోగం ఇచ్చారు. అప్పటికి నేను ఒక్క బంగారు నాణేన్ని కూడా ముట్టుకుని ఎరగను.

ఆ ఫోటోలు తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు మండుతాయి. ఒకాయన నాణేన్ని పూల దుప్పటి మీద పెట్టి తీస్తాడు. పువ్వులు స్పష్టంగా ఉంటాయి, నాణెం మసగ్గా ఉంటుంది. ఇంకొకాయన ఫ్లాష్ వేస్తాడు. రాణిగారి ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ. మరొకావిడ బొటనవేలితో పట్టుకుని తీస్తుంది, వేలు సరిగ్గా సంవత్సరం మీదే ఉంటుంది. కొన్నాళ్ళకు గోళ్ళు చూసి జాతకం చెప్పగలిగే స్థాయికి వచ్చాను గానీ నాణేల మీద నమ్మకం పోయింది. మా మేనేజరు పెట్టిన నియమం ఒక్కటే: దేన్నీ అసలైనది అని రాయకూడదు. "ఫోటోలో కనిపించినంతవరకు" అని మొదలుపెట్టి తర్వాత ఏమైనా రాసుకోవచ్చు. ఆ మాట ఎంతగా అలవాటైందంటే, రెండు బస్సులు మారి మూసాపేటలో ఇల్లు చేరాక మా అత్తగారు కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా అదే నోటిదాకా వచ్చేది.

ఆఫీసులో చాయ్ పెట్టి, గదులు ఊడ్చే ఆమెది ఆ పక్కనున్న ఊరే. మేం కుర్చీలు వేసుకుని కూర్చున్న చోట తన చిన్నప్పుడు బండరాళ్ళూ మేకలూ తప్ప ఏమీ ఉండేవి కావని చెప్పేది. నా ఈడుదే, మంచి మాటకారి. మొగుడి గురించి చెప్పడమంటే మహా ఇష్టం. ఆయన ఒకప్పుడు విపరీతంగా తాగి, ఉన్న ఒక్క ఇంటి కాయితాలూ తాకట్టు పెట్టాడట.

"ఒక్కపారే మానేసిండు మేడం. రెక్కలు ముక్కలు జేస్కొని కాయితాలు ఇడిపిచ్చిండు. తెచ్చి నా చేతుల వెట్టిండు. గసుంటోడు మా ఆయన," అనేది.

ఆ కథ చెప్పిన పూట చాయ్‌లో చక్కెర ఎక్కువ పడేది. నేను నిజంగానే కుళ్ళుకునేదాన్ని. మా ఇంట్లో నాకు అలాంటి కథ ఒక్కటీ లేదు.

ఒకరోజు చాయ్ గ్లాసుతో పాటు ఒక ఫోటో ముక్క నా బల్ల మీద పెట్టింది. ఏదో పెళ్ళిలో తీసిన రంగుల ఫోటోను కత్తెరతో గుండ్రంగా కత్తిరించింది. అందులో ఒక మెడ, పట్టుచీర అంచు, గొలుసుకు వేలాడే బంగారు బిళ్ళ. అంతే.

"జర ఇది జూడుండ్రి మేడం. ఎంతుంటది?"

"ఎవరిది? ముఖమేది?"

"మొఖంతోని ఏం పని? బిళ్ళ జూడుండ్రి. మా అక్కది."

నిజాం నాటి అష్రఫీ, అంటే బంగారు నాణెం. మధ్యలో చార్మినార్, చుట్టూ అక్షరాలు. చార్మినార్ ద్వారంలో చిన్న అక్షరం ఒకటి ఉంటుంది, అది ఏ నిజాం కాలందో చెప్పేది అదే. ఈ ఫోటోలో ద్వారం మీద ఫ్లాష్ వెలుగు పడి అక్కడ ఏమీ కనబడటం లేదు. అమెరికాలో అయినా, మాదాపూర్‌లో అయినా అంతే కదా అని నీరసం వచ్చింది.

వాళ్ళ అమ్మ పోయేముందు పెద్దకూతురికి ఈ బిళ్ళ, చిన్నకూతురికి వెండి కడియాలు ఇచ్చిందట. "అమ్మ కండ్లకు నేను ఆన్లే మేడం," అంది. గొంతు మామూలుగానే ఉంది గానీ కళ్ళు మామూలుగా లేవు. "ధర ఎంతనో తెలిస్తే సగం అడుగుత. ఇయ్యనంటే ఇగ ఆమె గడప తొక్క."

ఫోటో చూసి చెప్పలేమమ్మా అన్నాను. ఆమె వినలేదు. చుట్టాల ఇంట ఏ పెళ్ళి జరిగినా ఒక ముక్క తెచ్చేది. ఒకదాంట్లో బిళ్ళను బంతిపూల దండ సగం కప్పేసింది. ఒకదాంట్లో అక్క ఎవరినో పిలుస్తూ పక్కకు తిరగడంతో బిళ్ళ ఒక పసుపు గీతగా మారింది. అన్నింట్లోనూ అక్క తల లేదు. పొద్దున్నుంచి అమెరికావాళ్ళ బొటనవేళ్ళు, మధ్యాహ్నం ఈ అక్క మెడ. ఇద్దరు తోడబుట్టినవాళ్ళు మాట్లాడుకోవడం, మానుకోవడం నా కళ్ళద్దాల మీద ఆధారపడటమేమిటని విసుగేసింది. విసుగు వచ్చాక జాలి కూడా వచ్చింది, అది ఇంకా ఇబ్బంది.

చివరికి, మీ అమ్మ మెడలో ఉన్నప్పటి ఫోటో ఏదైనా ఉందా అని అడిగాను. మర్నాడు తువ్వాలులో చుట్టి తెచ్చింది. స్టూడియోలో తీసిన నలుపు తెలుపు ఫోటో, అద్దం మీద ఎండిపోయిన కుంకుమ బొట్టు. బొట్టు చెరపకుండా ఫ్రేము వెనక మేకులు విప్పి, భోజనాల వేళ ఎవరూ లేనప్పుడు స్కానర్ మీద పెట్టాను. తెర మీద పెద్దది చేస్తే వాళ్ళమ్మ మెడలో చార్మినార్ పక్కకు ఒరిగి ఉంది. గొలుసు దూర్చే రింగును ఎవరో కంసాలి వంకరగా అతికాడు. రంగుల ముక్కలన్నీ వరసగా పేర్చి చూశాను. అన్నింట్లోనూ చార్మినార్ నిటారుగా ఉంది.

"అక్క దీన్ని సరిచేయించుకుందా?"

"ఏమో మేడం. ఆమెకు సోకెక్కువ. సక్కగ జేపిచ్చుకున్నదేమో."

కావచ్చు. రింగు ఊడదీసి మళ్ళీ అతకడం పెద్ద పనేమీ కాదు. కానీ కొత్త ఫోటోల్లో అక్షరాలు బొద్దుగా, గాజుల దుకాణాల్లో అమ్మే బంగారు పూత బిళ్ళల మీద ఉన్నట్టు ఉన్నాయి. మసక వల్ల అలా అనిపించిందేమో. రెండు రోజులు ఆగు, చెప్తాను అన్నాను. రెండు రోజులు ఆలోచించాలంటే ధర చాలా పెద్దదై ఉంటుందని ఆమె అనుకుంది. ఆ సాయంత్రమే అక్క ఇంటికి వెళ్ళి, మా ఆఫీసు మేడం నీ బిళ్ళను కంప్యూటర్ల వెట్టి జూసింది, ఇగ నీ సంగతి తేలుస్త అని కొట్లాడి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం కింద సిమెంటు దుకాణం దగ్గర ఒకామె నా కోసం నిలబడి ఉంది. ముఖం నేను ఎప్పుడూ చూడలేదు. మెడ చూసి గుర్తుపట్టాను.

"చెల్లెకు ఏం జెప్పినవమ్మా?" అంది నేరుగా.

"ఇంకా ఏమీ చెప్పలేదండి."

ఆమె అటూ ఇటూ చూసి, గొలుసు తీసి నా అరచేతిలో పెట్టింది. ఇన్నాళ్ళకు ఒక నాణెం చేతికి వచ్చిందంటే, అదీ తేలిగ్గా ఉంది.

"గిది పూతది. అసలుది అమ్మిన. చెల్లె ఇంటి కాయితాలు ఇడిపిచ్చిన."

నాకు మొదట అర్థం కాలేదు. "మరి వాళ్ళాయన..."

"ఆయన చేతులనే వెట్టిన. నువ్వే ఇడిపిచ్చినవని జెప్పుకో, మళ్ళ తాగితే మాత్రం అందరి ముంగట నిజం జెప్త అన్న. గప్పటిసంది ముట్టలే." ఆమె కొంచెం నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ చక్కెర ఎక్కువైన ఆ చాయ్‌లన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

"అయితే అది పెద్ద విలువైందేమీ కాదని చెప్పేస్తాను. ఈ గొడవ వదిలిపోతుంది," అన్నాను.

"వద్దు. గది మా అమ్మది. తక్కువదని అనకు."

"మరి మీ గడప తొక్కనంటోందండి."

"ఎన్నేండ్ల సందో అంటున్నది. బోటి కూర వండిన్నని తెలిస్తే గిన్నె పట్టుకొని వస్తది. కోపమున్నది గాబట్టి తిట్టనీకన్నా వస్తది. నేనే ఇడిపిచ్చిన్నని తెలిసిందనుకో, తల దించుకొని కూసుంటది. మొగన్ని సుత సక్కగ జూడదు. నన్ను తిట్టనీ, ఫికర్ లేదు."

గొలుసు మళ్ళీ మెడలో వేసుకుని, బిళ్ళను పైట కింద దోపుకుని వెళ్ళిపోయింది. నేను మెట్లెక్కి నా కుర్చీలో కూలబడ్డాను. ఆ పూట తెర మీద ఏ దేశపు రాజు ఉన్నాడో నాకు గుర్తు లేదు. వాళ్ళిద్దరి మధ్యకు నన్ను ఎందుకు లాగారని కోపం వచ్చింది. అబద్ధం చెప్పాల్సింది నేను కదా.

సాయంత్రం చెల్లెలు గ్లాసు పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

"అసలైనది," అన్నాను. ఆ ఉద్యోగంలో ఆ మాట అనడం అదే మొదలు. "చాలా అరుదైనది. వెల కట్టలేం."

ఆమె ముఖం ఒక్కసారి వెలిగింది, వెంటనే ముడుచుకుపోయింది. "నాకెర్కనే," అని గ్లాసులు కడగడానికి పోయింది. లోపలి నుంచి గ్లాసుల చప్పుడు చాలాసేపు గట్టిగా వినిపించింది.

సగం అడిగింది. అక్క ఇవ్వనంది. కొన్నాళ్ళు మాటలు లేవు. వేరే ఉద్యోగం దొరుకుతుందేమోనని నేను పేపర్లు తిరగేస్తున్న రోజుల్లో, ఆమె మరో ఫోటో తెచ్చింది. ఇంటి మీద రేకులు తీసి స్లాబు వేయించుకున్నారట, ఆ దావత్‌లో తీసింది. గుమ్మం ముందు అక్కచెల్లెళ్ళిద్దరూ నిలబడ్డారు. అక్క మెడలో బిళ్ళ ఉంది, ఎప్పటిలాగే మసగ్గా. ఈసారి ముఖం కూడా ఉంది.

"కత్తిరించలేదేం?"

"ఎట్ల కత్తిరియ్యాలె మేడం? ఆమె భుజం మీద నా చెయ్యి ఉండె. నా చెయ్యి గూడ తెగుతది." ఫోటోలో బిళ్ళ మీద వేలు పెట్టింది. "నా ఇంటికొచ్చి నా ముంగటనే ఎట్ల తిప్పుకుంట నిలవడ్డదో జూడుండ్రి. ఇప్పుడెంతుంటది?"

నేను బిళ్ళను చూడలేదు. వాళ్ళ వెనకాల ఉన్న ఇంటిని చూశాను. పసుపు పూసిన గడప, తడి ఆరని కొత్త గోడ, తలుపు పక్కన చేతులు కట్టుకుని సిగ్గుపడుతూ నిలబడ్డ ఆమె మొగుడు.

"అప్పటికన్నా బాగా పెరిగింది," అన్నాను.

"నాకెర్కనే," అని ఫోటో జాకెట్లో దోపుకుని, చాయ్ పెట్టడానికి వెళ్ళింది.