రాత్రి పదింటి ఎండ

మొన్న పొద్దున్నే లేచి, కళ్ళజోడు వెతుక్కుని ఫోను తీస్తే, మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మా అమ్మాయి ఫోటో వచ్చి ఉంది. కాలేజీ వాళ్ళు పంపిన రెండు నెలల వేసవి కోర్సు కోసం అది స్కాట్లాండు వెళ్ళింది. పచ్చికలో కాళ్ళు చాపుకుని ఐస్‌క్రీము తింటోంది, ముఖం నిండా ఎండ, వెనకాల చర్చి గోపురం మీద గడియారంలో పది కావడానికి ఇంకా ఐదు నిమిషాలు. కింద, ‘ఇది రాత్రి, నమ్ముతారా?’ అని రాసింది.

నమ్ముతారా అన్న ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఎందుకంటే అదే ఎండను నలభయ్యేళ్ళ కింద నేనూ చూశాను, చూసి వచ్చి ఒక మనిషికి చెప్పాను కూడా. నేను కోతలు కోస్తానని సికింద్రాబాదులో నన్నెరిగిన ప్రతివాడికీ తెలుసు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం కోత కాదు. నిజానికి ప్రతి కోతకు ముందూ నేను అనే మాట ఇదే కాబట్టి, నమ్మమని మిమ్మల్ని బలవంతపెట్టను.

అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. మా పెద్దమ్మ కూతురు, నాకంటే రెండేళ్ళు పెద్దది, బీఎడ్‌లో చేరింది. మా చర్చికీ స్కాట్లాండులో ఒక చిన్న ఊరి చర్చికీ పాత స్నేహం ఉండేది, దాని పుణ్యాన ఆ ఏడు వేసవికి మా నుంచి ఒక్క విద్యార్థిని అక్కడికి పిలిచారు. అక్క వెళ్తుందనే అందరం అనుకున్నాం. ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేది తను, భూగోళమంటే ప్రాణం పెట్టేది తను, పాస్‌పోర్టు తీయించుకున్నదీ తనే. జనరల్ బజారులో ముదురాకుపచ్చ ఊలు కొని స్వెట్టరు అల్లుకోవడం కూడా మొదలుపెట్టింది. నేనేమో పేరు ఇచ్చానంటే, ఫారం ఊరికే ఇస్తున్నారు కాబట్టి ఇచ్చాను.

అయితే పెద్దలు, పేరిచ్చిన ఇద్దరినీ సాయంకాలపు ఆరాధనలో సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు మన బతుకులో చేసిన మేలు సభ ముందు నిలబడి చెప్పడమే సాక్ష్యం. అక్క లేచి, తనకు పెద్ద అద్భుతాలేవీ జరగలేదనీ, పొద్దున లేచింది మొదలు ఎవరో తోడున్నట్టు ఉంటుందనీ చెప్పి, అంతేనని కూర్చుంది. ముందు వరసలో ఒక పెద్దాయన వాచీ చూసుకున్నాడు. తరవాత నా వంతు. రెండు ముక్కలు చెప్పి దిగుదామనే వెళ్ళాను గానీ, చేతిలో మైకూ ఎదురుగా అన్ని ముఖాలూ ఉంటే నాబోటి వాడికి రెండు ముక్కలతో ఎలా సరిపోతుంది?

చిన్నప్పుడు అక్కా నేనూ మౌలాలిలో మామయ్య రైల్వే క్వార్టరుకు పట్టాల వెంట నడుస్తూ వెళ్తుంటే, నా కాలు పట్టాలు కలిసేచోట సందులో ఇరుక్కుంది. అక్క కూర్చుని చెప్పు బకిలు విప్పి కాలు లాగింది, చెప్పు అక్కడే ఉండిపోయింది. జరిగింది ఇంతే. పక్క పట్టాల మీద ఒక గూడ్సు బండి ఉన్నమాట నిజమే, దానికి ఇంజను లేదు. మైకులో అది ఎక్స్‌ప్రెస్ అయింది, కూత పెడుతూ వచ్చింది, నేను కళ్ళు మూసుకుని ప్రార్థించాను, మూరెడు దూరంలో ఆగింది, డ్రైవరు దిగి నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. సభ మొత్తం ఏడ్చింది. ఆ కథలో అక్క లేదు. తను ఉంటే దేవుడికి చోటు చాలదని తీసేశాను.

సీటు నాకే వచ్చింది. మళ్ళీ ఏడు అక్కను పంపుదామన్నారు పెద్దలు. ఇంటికి నడిచి వస్తుంటే పెద్దనాన్న అక్కతో, “పోతే ఎవడు పోయిండే, నీ తమ్ముడే గద” అన్నాడు.

వారం తరవాత స్వెట్టరు పట్టుకుని మా ఇంటికి వచ్చింది, చేతులు నా కొలతకు పెంచుతానని. నాకు ఆపుకోలేనంత సిగ్గేసి, సభలోనే అబద్ధమని అనొచ్చు కదా, ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

“చెయ్యి సక్కగ పెట్టు” అంది టేపు పట్టుకుని. కొలత తీసుకుంటూనే, “ఇంజను లేని బండికి డ్రైవరు యాడికెల్లి వచ్చిండ్రా?” అని, తనే నవ్వి, మళ్ళీ నవ్వడం మానేసి, “గంతమంది ఏడుస్తుంటే లేచి ఏం చెప్పాలె? పో, పోయి రా. ఆడ ఎండాకాలంల రాత్రి పదింటిదాక పొద్దు గుంకదంట, బుక్కుల సదివిన. గది చూసి రా. చూసింది చూసినట్టు చెప్పు, గంతే” అంది.

ఇక ఆ దేశంలో నా వైభవం. ఊరి చర్చి నడిపే పిల్లల శిబిరంలో వంటింటి పని నాది. రెండు నెలల్లో నేను చెక్కిన బంగాళాదుంపల తొక్కలు వరసగా పరిస్తే అల్వాల్ నుంచి సికింద్రాబాదు స్టేషన్ దాకా వచ్చేవి. అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసా పెట్టెలోనే పగిలి, ఉన్న రెండు తెల్ల చొక్కాలూ ఎర్రబడ్డాయి. నేనుండే ఇంటి ముసలావిడ మంచిదే గానీ, ఆమె మాట నాకూ నా మాట ఆమెకూ అంతుపట్టేవి కావు. మొదటి రోజు నా పక్కలో వెచ్చగా మెత్తగా ఏదో తగిలి, పిల్లి చచ్చిందనుకుని కేక పెట్టాను. అది ఆమె నా కోసం పెట్టిన వేడినీళ్ళ సంచి. వానా, చలీ, ఉప్పులేని కూరా, పలకరించే దిక్కు లేకపోవడం. ఇంత దూరం అబద్ధమాడి తెచ్చుకున్నది ఇదా అని రోజూ అనుకునేవాణ్ణి.

ఒక్క సాయంత్రం మాత్రం గిన్నెలు కడిగి బయటికొస్తే వాన వెలిసి ఉంది. స్వెట్టరు వేసుకుని వెనకాల గుట్ట ఎక్కాను. పది కావస్తోంది. కొండ అంచున పొద్దు కదలకుండా కూర్చుంది, గొర్రెల వీపుల మీద కూడా ఎండ. జేబులోంచి అక్క రాసిన ఉత్తరం తీసి ఆ వెలుగులో మొదటి నుంచీ చివరిదాకా చదివాను. ఇది నేను కాదు, అక్క చూడవలసింది అనిపించి, మైకు లేకుండా, చూసేవాడు లేకుండా, బతుకులో మొదటిసారి ఏడ్చాను.

ఆగస్టులో తిరిగి రాగానే మళ్ళీ సాక్ష్యం. బంగాళాదుంపల సంగతి ఎవరికి కావాలి? అక్కడ అసలు పొద్దే గుంకదనీ, జనం కిటికీలకు బొంతలు కట్టి పడుకుంటారనీ, ఎప్పుడు పడుకోవాలో తెలియక కోళ్ళు రోజుకు మూడు గుడ్లు పెడతాయనీ చెప్పాను. సభ నవ్వింది. నవ్వు తగ్గుతుంటే నా కన్ను అక్క మీద పడింది, అంతే, నోరు దానంతటదే కదిలింది. చలికి వణుకుతున్న ఒక ముసలాయనకు, మా అక్క అల్లిన స్వెట్టరు విప్పి ఇచ్చేశానని చెప్పాను. అందరూ అక్క వైపు తిరిగారు. ఆమె తల వంచుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. స్వెట్టరు మా ఇంట్లో, నా పెట్టె అడుగున ఉంది.

మర్నాడు ఆమె దగ్గరికి పరుగెత్తి, గుట్ట సంగతి, గొర్రెల సంగతి, పదింటికి ఉత్తరం చదివిన సంగతి, ఒక్క ముక్క కలపకుండా చెప్పాను. బియ్యం ఏరుతూ వింది.

“నాకు సుత సాక్ష్యం చెప్తున్నవారా?” అంది చివరికి. “వద్దు తియ్. నిన్న చెప్పినయన్నిట్ల స్వెట్టరు ముచ్చటొక్కటి నమ్మిన. నాకు గది చాలు.”

స్వెట్టరు సంగతి విప్పకుండా, నేనూ కూర్చుని బియ్యం ఏరాను.

మళ్ళీ ఏడు అక్కడి నుంచి పిలుపు రాలేదు, ఆపైన ఎప్పుడూ రాలేదు. అక్క అల్వాల్‌లో ఒక బడిలో సాంఘికశాస్త్రం టీచరయింది. ఏటేటా గ్లోబు మీద టార్చి వేసి, ఉత్తరాన వేసవి పొద్దు ఎందుకంత ఆలస్యంగా గుంకుతుందో పిల్లలకు చెప్పేది. ఒక్క ముద్ర పడకుండానే ఆమె పాస్‌పోర్టు గడువు తీరింది. నా కోళ్ళూ బొంతలూ మాత్రం ఇప్పటికీ మా పెళ్ళిళ్ళలో తిరుగుతూనే ఉంటాయి.

మొన్నటి ఫోటో కింద అందరికంటే ముందు రాసింది అక్కే. రిటైరై యాప్రాల్‌లో ఉంటోంది. “ఎంత మంచిగున్నది బిడ్డా. నా బదులు సుత జెరసేపు చూడు” అని మా అమ్మాయికి రాసింది. నేను ధైర్యం చేసి, ‘అప్పుడు నేను చెప్పింది ఈ ఎండే అక్కా, నీ ఉత్తరం చదివింది దీంట్లోనే’ అని పెట్టాను.

“నువ్వెప్పుడు చెప్పినవ్?” అని వచ్చింది. నిజంగానే గుర్తు లేదు ఆమెకు. కాసేపటికి ఇంకొకటి వచ్చింది. “ఆ ముసలాయనకు స్వెట్టరు ఇచ్చొచ్చినవ్ సూడు, గది మాత్రం యాదికున్నది. మంచిపని చేసినవ్ రా తమ్మీ.”

బీరువా తెరిచాను. కలరా ఉండల వాసనలో, చేతులు పెంచిన చోట ఊలు రంగు కొంచెం తేడాగా, అది అక్కడే ఉంది. మన రోజుల్లో దూరం పోయి వచ్చిన వాడి నోరే అందరికీ ఆధారం, వాడు ఏం తెస్తే ఇంట్లో వాళ్ళకు అదే లోకం. ఇప్పటి పిల్లలు గడియారంతో సహా ఎండను పంపేస్తున్నారు, ఎవరూ ఎవరి నోటినీ నమ్మాల్సిన పని లేదు. నా చేతిలోనూ ఫోను ఉంది. స్వెట్టరును మంచం మీద పరిచి ఫోటో తీశాను కూడా, పంపితే యాప్రాల్‌కు చేరడానికి క్షణం పట్టదు. కానీ ఆ ఒక్క నిజం వెళ్ళి, నా గురించి అక్క దగ్గర మిగిలిన ఆ ఒక్క మంచినీ తీసుకుపోతుంది. ఫోటో చెరిపేసి, స్వెట్టరు మడిచి ఎక్కడిదక్కడ పెట్టి, దండం పెట్టే బొమ్మ ఒకటి ఆమెకు పంపాను.